ఎద్దు రంకె వేసిన చోటు

సంగీతాన్ని నా అంతగా మోసినవాడు మా వంశంలో ఇంకొకడు లేడు. మాటవరసకి అనడం లేదు, నిజంగా భుజాల మీదే మోశాను. పరాయి దేశంలో పియానోలని ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి చేరవేసే కంపెనీలో పనివాణ్ణి నేను. మెట్లు ఇరుకై, మలుపు తిరగని చోట పియానోని నిలువునా లేపి పసిపిల్లని నడిపించినట్టు నడిపించినవాణ్ణి. ఒకసారైతే పై అంతస్తుకి ఒంటిచేత్తో ఎక్కించాను, రెండో చేత్తో టీ తాగుతూ. నమ్మకపోతే మా మేస్త్రీని అడగండి, ఆయన ఇంతకంటే పెద్దది చెప్తాడు.

అసలు నేను అక్కడికి వెళ్లింది మోయడానికి కాదు, చదవడానికి. సంగీతం, సంస్కృతి అని ఒక ఎమ్మే. మొదటి సెలవులు రాకముందే మానేశాను. నేను గేటు దాటుతుంటే లైబ్రరీలో పుస్తకాలన్నీ ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నాయని అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. నేను చెప్తేనే అనుకోండి. నాతో పాటు వెళ్లి, మానకుండా చదివి, డిగ్రీ పట్టుకున్న మనిషి మా అక్క. ఈ కథ ఆవిడది.

అక్క అంటే పిన్ని కూతురు. ఆవిడకి నేను పెట్టిన పేరు మంద్రం. కింది స్థాయి స్వరాలని మంద్రం అంటారు కదా, అక్క గొంతు కాపురం అక్కడే. మంచినీళ్లడిగినా బావిలోంచి అడిగినట్టుండేది. అది పుట్టుకతో వచ్చింది కాదు, ఇంట్లో చేసి పెట్టింది.

మా తాత, అంటే మా అమ్మకీ పిన్నికీ నాన్న, కలప డిపోలో గుమాస్తా. పనికి నడిచిపోతూ దారిలో పాటలు కట్టేవాడట. చిన్న వయసులోనే పోయాడు. అప్పటికి మా అమ్మకి నడక వచ్చీరానట్టుంది, పిన్ని ఒళ్లో పిల్ల. పోయే ముందు, రికార్డింగు సామాను ఉన్న స్నేహితుడొకాయన తాత పాటలు ఒక క్యాసెట్టుకి ఎక్కించాడు. చాలా ఏళ్లకి, పిల్లలు కాస్త పెద్దవాళ్లయ్యాక, అమ్మమ్మ ఎక్కడో ఒక పాత టేప్ రికార్డరు సంపాదించింది, ఆ ఒక్క క్యాసెట్టు వినడానికే. అందులో ఇంకో క్యాసెట్టు పెట్టడం మా ఇంట్లో మహాపాపం. సినిమా పాటలు పెట్టబోయిన అన్నయ్య, అంటే అక్క తోడబుట్టినవాడు, పిన్ని కొట్టిన దెబ్బకి ఇప్పటికీ ఒక పక్కకి చూస్తూ నడుస్తాడు.

ఆ మిషన్లోంచి తాత గొంతు వస్తుంటే ఇల్లు సద్దుమణిగేది. నిండు గొంతు, బరువైన గొంతు. ఒక్కో మాటా నేలమాళిగ మెట్లెక్కి వస్తున్నట్టు వచ్చేది. "దారి పొడవు, నీడ కురచ" అని పల్లవి. ఆ రెండు ముక్కలూ ఒక్క ఊపిరిలో ఎంత సాగదీసేవాడంటే, కూడా పాడబోయినవాడు మధ్యలో నీలుక్కుపోవాల్సిందే. అది తాత గొప్పతనం. ఆయన గొంతెత్తితే మేడ మీద ట్యాంకులో నీళ్లు వణికేవని నేను ఊళ్లో చెప్పుకొచ్చాను.

ఇక ఎద్దు సంగతి. ఆ పాట రెండో చరణం సగంలో ఏదో జంతువు అరుపు వినబడుతుంది, బొంగురుగా, సాగుతూ. అది ఎద్దని మా ఇంట్లో తీర్మానం. పాట విని వీధిలో ఎద్దు ఆగిపోయి రంకె వేసిందని మా అమ్మ చెప్పేది. బండి లాగుతున్నదల్లా మోకాళ్ల మీద కూలబడిందని పిన్ని. కళ్లనీళ్లు పెట్టుకుందని నేను చేర్చాను. ఆ అరుపుకి తాత కాసేపు ఆగి, మళ్లీ అందుకుంటాడు. అందుకని మా ఇంట్లో ఆ పాట ఎవరు పాడినా అక్కడ ఆగాలి. రంకెకి సరిపడా చోటు వదిలి అప్పుడు అందుకోవాలి. చోటు తక్కువైతే పిన్ని ఊరుకునేది కాదు.

"ఎద్దు పట్టలేదు. మళ్లీ పాడు."

రోజూ పొద్దున్నే చాప పరిచి, మిషన్ ముందు పిల్లల్ని కూచోబెట్టి, తాత శ్రుతిలో, తాత నడకలో పాడించడం పిన్ని పని. నన్ను తొందరగానే వదిలేశారు. నేను పాడితే మిషన్ దానంతటదే ఆగిపోయేది. దొరికిపోయింది అక్క. నిజానికి అక్కది ఎత్తు గొంతు. పైకి వెళ్లేకొద్దీ విచ్చుకునేది. బళ్లో సంగీతం టీచరమ్మ ఒకసారి ఇంటికొచ్చి మరీ చెప్పింది.

"అమ్మా, ఈ పిల్లకి కింద పలకదు. పైన వదిలేయండి, మీరే చూస్తారు."

"మా నాన్న శ్రుతి కాదని మీ శ్రుతి పట్టుకోవాలాండీ?" అని పిన్ని ఆవిణ్ణి గుమ్మం దాకా సాగనంపింది. తిరిగొచ్చి, కూతురి పొట్ట మీద అరచెయ్యి ఆనించి, "దించు. ఇంకా దించు. పైకి పోయావంటే పళ్లు రాలగొడతా" అంది.

అక్క దించింది. కాలేజీకొచ్చేసరికి గొంతు జీరపోయింది. ఆ తర్వాత మాటే సరిగ్గా రాకుండా పోయింది. డాక్టరు అద్దం పెట్టి చూసి, లోపల కాయలు కాశాయి, ఇంక పాడితే మాట కూడా మిగలదన్నాడు. పిన్ని దానికీ కారణం కనిపెట్టింది. "సాధన చాల్లేదు. మా నాన్న శ్రుతి అందరికీ అందుతుందా?" అంది. పాడటం పోయినవాళ్లు పాట గురించి చదువుకోవచ్చని అక్కకి ఎవరు చెప్పారో తెలీదు. దరఖాస్తు పెట్టింది, సీటొచ్చింది. తోడుగా నన్నూ తోలారు.

అక్కడ మేమున్నది బట్టలుతికే షాపు మీద గది. కింద యంత్రాలు తిరుగుతుంటే పైన అక్క బల్ల వణికేది, దాని మీద కప్పులో టీ వణికేది. కిటికీ తెరిస్తే సబ్బు ఆవిరి, మూస్తే చెమ్మ. అక్క చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఇంటి దగ్గర రికార్డు చేసి తెచ్చుకున్న పాటలు వింటూ రాసుకునేది. అమ్మ పాడినవి, పిన్ని పాడినవి. నేను పియానోలు దించొచ్చి నడుం పట్టుకుని మూలుగుతుంటే, "ఒరేయ్, నువ్వు మూలిగేది కూడా మన ఇంటి రెండున్నర శ్రుతిలోనేరా. మన రక్తం" అని నవ్వేది. నవ్వు గాలిలా వచ్చేది, శబ్దం లేకుండా.

ఆవిడ థీసిస్ మా ఇంటి పాట మీదే. గైడు ఒక పెద్దావిడ, గైడమ్మ అనేవాణ్ణి నేను. గది నిండా రకరకాల దేశాల వాయిద్యాలు, ఒక్కటీ శ్రుతిలో ఉండేది కాదు. మా ఇంటి పాట వినగానే ఆవిడ కళ్లు మూసుకుందట. "దారి పొడవు, నీడ కురచ" అన్నది జీవితం మీద వేదాంతమంది. అంత పొడుగు ఊపిరి ప్రాణాయామంలోంచి వచ్చిందంది. ఎద్దు చోటైతే ఆవిణ్ణి కట్టి పడేసింది. మనిషి తన పాటలో సాటి జీవికి అట్టేపెట్టిన నిశ్శబ్దం అని, దాని మీద తనే ఒక వ్యాసం రాసి పుస్తకంలో అచ్చేయించుకుంది. ఒకసారి అక్కతో టీకి వెళ్లి, ట్యాంకులో నీళ్లు వణికిన సంగతి నేనూ చెప్పాను. అదీ థీసిస్‌కి ఎక్కింది, 'కుటుంబ సభ్యుడు, పురుషుడు' అని నా హోదాతో సహా. పరీక్ష రాయకుండా థీసిస్‌లోకి ఎక్కినవాడు ఆ యూనివర్సిటీలో నేనొక్కణ్ణే.

అక్క మాత్రం ఇవేవీ నవ్వులాటగా తీసుకోలేదు. "గొంతు ఎలాగూ పోయింది. ఇది కూడా లేకుండా ఇంటికెళ్తే అమ్మ మొహం ఎలా చూడనురా?" అనేది. ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా వెనకాల ఒక సన్నటి గొంతు వినబడేది. అన్నయ్య కూతురు, దాన్ని ఇంట్లో కీచు అంటారు. ఫోన్ దగ్గరికి పరిగెత్తుకొచ్చి, "అత్తా, నాకు పన్ను ఊడింది!" అని అరిస్తే మా చెవులు చిల్లులు పడేవి. అక్క ఫోన్ దూరంగా జరపకుండా కళ్లు మూసుకుని వినేది.

థీసిస్ ఇచ్చే రోజులు దగ్గరపడ్డాయి. అసలు క్యాసెట్టుకి ఒక నకలు తీసి డిపార్టుమెంటులో దాచాలంది గైడమ్మ. అమ్మమ్మ ఎవరో వస్తుంటే వాళ్ల చేతికిచ్చి పంపింది, పాత చీర ముక్కలో చుట్టి. ఆ రోజు నాకు పని లేదు, అక్క వెంట వెళ్లాను. టేపుల గది నేల కింద ఉంది. అక్కడాయన స్పిరిట్‌లో ముంచిన దూదితో మిషన్ తుడిచి, క్యాసెట్టు పెట్టి, మీట నొక్కాడు.

ఎవడో పీల గొంతువాడు గబగబా పాడుతున్నాడు. బస్సు వెళ్లిపోతుంటే వెనకాల పరిగెత్తేవాడి పాట. "దారి పొడవు, నీడ కురచ," పనికి ఆలస్యమైపోతోంది, పొద్దు నడినెత్తికొచ్చింది, మేనేజరు గుమ్మంలో నిలబడుంటాడు, నడు నడు. ఊపిరికి ఊపిరి చక్కగా తీసుకుంటూ.

"మీ మిషన్ తొందరపడుతోందండీ" అంది అక్క.

"మా మిషన్‌కి తొందర తెలీదమ్మా. పొద్దున్నే సరిచూశాను."

అంతలో రెండో చరణం సగానికొచ్చింది. కుయ్, కుయ్ మంది ఒక కుక్కపిల్ల. పీల గొంతువాడు నవ్వు ఆపుకుని, మళ్లీ అందుకున్నాడు.

నేను పగలబడి నవ్వాను. కళ్లనీళ్లు పెట్టుకున్న మా ఎద్దు, మోకాళ్ల మీద కూలబడ్డ మా ఎద్దు! అక్క వైపు తిరిగాను. అక్క నవ్వడం లేదు, తిరుగుతున్న టేపునే చూస్తోంది.

"కొంచెం జోరు తగ్గించండి" అంది అక్క. ఆయన ఒక మర తిప్పాడు. "ఇంకా." మళ్లీ తిప్పాడు. "ఇంకా." గొంతు కిందికి దిగింది, బరువెక్కింది, మెట్లెక్కి వస్తున్నట్టయింది. తాత వచ్చాడు. కుక్కపిల్ల ఎద్దయింది.

"ఇంత కిందికా?" అన్నాడాయన. "మీ ఇంట్లో టేప్ రికార్డరుకి లోపల రబ్బరు బెల్టు సాగిపోయుంటుందమ్మా. పాతవాటికి మామూలే. మోటారు తిరిగినంత జోరుగా టేపు తిరగదు, గొంతు దిగిపోతుంది."

"మళ్లీ సరిగ్గా పెట్టండి."

ఆయన పెట్టాడు. ఈసారి అక్క కూడా నోరు తెరిచింది. అది ఎత్తు శ్రుతి, అక్కకి సరిగ్గా సరిపోయే శ్రుతి. టీచరమ్మ వదిలేయమన్న చోటది. అక్క పెదవులు కదులుతున్నాయి, మెడ నరాలు ఉబ్బుతున్నాయి, గాలి తప్ప ఏమీ రావడం లేదు. టేపులాయన మర్యాదగా అటు తిరిగి దూదితో ఏదో తుడుచుకున్నాడు.

బయట మెట్ల మీద కూచుని అక్క అమ్మమ్మకి ఫోన్ చేసింది, నాకూ వినబడేలా పెట్టింది.

"అమ్మమ్మా, తాత గొంతు ఎలా ఉండేది?"

"ఎలా ఉండేదేమిటే? రోజూ వింటున్నావుగా."

"మిషన్లో కాదు. మనిషిది."

"పీలగా ఉండేది" అంది. "ఆడపిల్ల గొంతని డిపోలో ఏడిపించేవాళ్లు."

"మరి ఎద్దు?"

"ఎద్దెక్కడిదే! పక్కింటివాళ్ల కుక్కపిల్ల. మీ తాత చెప్పులు కొరికేది."

"ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"చెప్పి? ఆయన ఉన్నన్నాళ్లూ ఒకటే పరుగు. కంచం ముందు పరుగు, మాటలో పరుగు, పోవడం కూడా పరుగే. ఆ మిషన్లో పెట్టాక నెమ్మదిగా పాడాడు. నా పక్కన కూచుని పాడినట్టు పాడాడు. నాకది బాగుండేది."

"మరి నా గొంతో?" అంది అక్క.

"మీ అమ్మ నేర్పుతోంది, నువ్వు నేర్చుకుంటున్నావు. ఇల్లు కళగా ఉందనుకున్నానే" అంది అమ్మమ్మ.

మర్నాడు గైడమ్మ దగ్గరికి వెళ్లొచ్చి అక్క చెప్పిన మాటలివి. గైడమ్మ పాటని నెమ్మదిగా ఒకసారి, అసలు జోరులో ఒకసారి విని, కిటికీలోంచి చూసి, ఇది మన అంశం కాదంది. మీ కుటుంబం అలా పాడుతోంది, అంతవరకే మన పరిశోధన, ఎందుకు పాడుతోందో మనకెందుకు అంది. కావాలంటే అడుగున చిన్న అక్షరాల్లో ఒక వాక్యం పెట్టుకోమంది.

"అడుగున చిన్న అక్షరాల్లో నా గొంతు పెట్టమంటారా అన్నాన్రా."

"ఏమంది?"

"బాధలో ఉన్నావు, ఇంటికెళ్లి పడుకోమంది. ఇదంతా రాస్తే అది వేరే థీసిస్ అవుతుందట. మొదట్నుంచి రాసుకోవాలట, వేరే గైడు దగ్గర. ఆవిడ పుస్తకం అచ్చయిపోయిందిగా."

"వేరే గైడు దగ్గరే రాయి. పియానోలు మోసి నేను తిండి పెడతాను. ఒక్కసారి భుజం మీద ఇద్దరు గైడుల్ని కూడా మోయగలను."

అక్క నవ్వలేదు. "అమ్మ ఒక్క మాట అంటే చాలు. తప్పయిపోయిందే అంటే చాలు. మొదట్నుంచి రాస్తాను" అంది. టేపులాయన తీసిచ్చిన నకలు ఫోన్లో పిన్నికి వినిపించింది, పల్లవి నుంచి కుక్కపిల్ల దాకా. నేను పక్కనే ఉన్నాను. కింద యంత్రాలు ఆగి ఉన్నాయి, గది కదలకుండా ఉంది.

"ఎవడే వాడు?" అంది పిన్ని.

"తాత."

"ఛీ, నోర్ముయ్. మా నాన్న గొంతు నాకు తెలీదా?"

"అమ్మా, నువ్వు అప్పటికి ఒళ్లో పిల్లవి. నువ్వు విన్నది మిషన్నే. బెల్టు సాగిపోయింది. అమ్మమ్మని అడుగు."

"మీ అమ్మమ్మకి పొద్దున తిన్నది సాయంత్రానికి గుర్తుండదు. అక్కడ వాళ్ల మిషన్ పాడైంది, అదీ సంగతి. క్యాసెట్టు జాగ్రత్తగా తిప్పి పంపించు. ఎవడో పీలగొంతు వెధవని తెచ్చి మా నాన్నంటావా? చదువెక్కువైందే నీకు."

"అమ్మా, నా గొంతు..."

"సాధన చేసుంటే ఉండేది" అంది పిన్ని. ఫోన్ పెట్టేసింది.

అక్క ముందు రాసిన థీసిస్ ఉన్నది ఉన్నట్టు ఇచ్చేసింది. ప్రాణాయామం ఉంది, వేదాంతం ఉంది, ట్యాంకులో నీళ్లున్నాయి, ఎద్దు ఒక పూర్తి అధ్యాయం. పరీక్ష చేసినవాళ్లు తెగ మెచ్చుకున్నారు. పట్టాల రోజున నల్ల గౌను వేసుకుని, పలకలాంటి టోపీ పెట్టుకుని వేదిక మీదికి వెళ్లింది. వెనక వరసలో నిలబడి చప్పట్లు కొట్టాను. నా చప్పట్లకి హాలు పైకప్పు లేవలేదు. ఎప్పుడూ లేపేవాణ్ణి, ఆ రోజు చేతకాలేదు.

ఇద్దరం కలిసి ఇంటికొచ్చాం. అక్క థీసిస్ ప్రతి ఒకటి తెచ్చింది, నీలం అట్ట, బంగారు అక్షరాలు. పిన్నికి ఆ భాష రాదు. అయినా ఒక్కో పేజీ తిప్పి, తన పేరు ఎక్కడుందో అక్క చేత వేలు పెట్టి చూపించుకుని, టేప్ రికార్డరు పక్కనే గుడ్డ పరిచి పెట్టింది. క్యాసెట్టు మళ్లీ మిషన్లోకి చేరింది.

మర్నాడు పొద్దున్నే పాట వినబడి లేచాను. ముందుగదిలో చాప పరిచి ఉంది. కీచు కాళ్లు మడుచుకుని కూచుంది, ముందు పళ్లు రెండూ లేవు. దాని పొట్ట మీద పిన్ని అరచెయ్యి.

"దించు. ఇంకా దించు."

ఫోన్లో మా చెవులకి చిల్లులు పొడిచిన పిల్ల గడ్డం మెడకానించి, కళ్లు పెద్దవి చేసి, పెద్దమనిషి గొంతు తెచ్చుకోవాలని చూస్తోంది. అమ్మమ్మ మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. అక్క వచ్చి గుమ్మంలో నిలబడింది.

"అమ్మా, దాన్ని పైన పాడనీ. దానికి కింద పలకదు."

"పలికేదాకా పాడాలి."

"నేను చదువుకునొచ్చాను. చెప్తున్నాను, వదిలెయ్. నాకైనట్టే దానికీ అవుతుంది."

పిన్ని చెయ్యి తీయకుండానే తల తిప్పి, మిషన్ పక్కన నీలం అట్ట పుస్తకాన్ని గడ్డంతో చూపించింది. "ఇదే మన ఇంటి పద్ధతని అంత లావు పుస్తకం రాశావు. దానికి వాళ్లు పట్టా ఇచ్చారు. పరాయి దేశం వాళ్ల దగ్గర అబద్ధం రాశావా? లేకపోతే ఇప్పుడు నా దగ్గర అబద్ధం చెప్తున్నావా? ఏది?"

అక్క నా వైపు చూసింది. ప్రపంచంలో దేనికైనా తడుముకోకుండా ఒక కోత కోయగలిగినవాణ్ణి, నాకు ఒక్కటీ దొరకలేదు.

"నువ్వు పాడవే" అంది పిన్ని కీచుతో.

కీచు పాడింది. పల్లవి అయింది, మొదటి చరణం అయింది. ఊపిరి చాలక చెవులు ఎర్రబడ్డాయి. రెండో చరణం సగంలో ఆగి, ఎద్దు కోసం పెదవులు బిగించి కూచుంది. ఇల్లంతా ఆగింది.

ఆ చోట్లో గుమ్మం దగ్గర్నుంచి, కుయ్, కుయ్ మని వినబడింది. జీరగా, సగం గాలి, సగం అరుపు. అక్క.

కీచు ఒక్క క్షణం బిత్తరపోయి, తర్వాత విరగబడి నవ్వింది. ఆ నవ్వు పైకి, ఇంకా పైకి, ఎక్కడా తగలకుండా పోయింది. మంచం మీద అమ్మమ్మ ఇటు తిరిగింది. అక్క తల తలుపుకి ఆనించి, ఆ నవ్వు అయిపోయేదాకా విన్నది.

పిన్ని చేత్తో పిల్ల నోరు మూసింది. మిషన్ వెనక్కి తిప్పింది.

"ఎద్దు పట్టలేదు" అంది. "మళ్లీ మొదట్నుంచి."

కీచు గడ్డం మెడకి ఆనించింది.